ఎండకు ఆగిపోతున్న ఎంజీబీ: వెబర్ కార్బొరేటర్ కంటే ముందు చేయించవలసిన పనులు

ప్రశ్న: మాది హనుమకొండ. మా మామయ్య హైదరాబాద్‌లో ఒక కుటుంబం దగ్గర కొన్న 1966 నాటి ఎంజీబీ రోడ్‌స్టర్ (ఇద్దరు కూర్చునే, పైకప్పు తెరుచుకునే బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) ఇప్పుడు నా చేతికి వచ్చింది. చాలా ఏళ్లు షెడ్డులో పడి ఉన్న బండికి రంగు, సీట్లు, వైరింగ్ అన్నీ చేయించాను. ఇంజిన్ నడుస్తున్నది కానీ, జనగామ దాటి ఆలేరు వైపు వెళ్లేటప్పుడు లారీని దాటాలంటే పికప్ చాలడం లేదు. ఎండాకాలంలో హంటర్ రోడ్డు ట్రాఫిక్‌లో కాసేపు నిలబడితే ఆగిపోతుంది, చల్లారేదాకా స్టార్ట్ కాదు. పెద్ద వెబర్ కార్బొరేటర్ (గాలిలో పెట్రోలు కలిపి ఇంజిన్‌కు పంపేది), రేసింగ్ క్యామ్‌షాఫ్ట్ (వాల్వులను తెరిపించే కడ్డీ), ఫ్రీ ఫ్లో ఎగ్జాస్ట్ వేసి, స్ప్రింగులు కోసి బండిని కిందికి దించుదామని మా మెకానిక్ అంటున్నాడు. ఇవన్నీ దండగ, కొత్త కారు ఇంజిన్ ఎక్కించు అని ఒక స్నేహితుడు అంటున్నాడు. నా దగ్గర నాలుగు లక్షల రూపాయలు ఉన్నాయి. వింటేజ్ రిజిస్ట్రేషన్ కూడా చేయించాలని ఉన్నది. ఏం చేయమంటారు?

సమాధానం: మీ ఉత్తరంలో రెండు వేరువేరు ఫిర్యాదులు ఉన్నాయి. లారీని దాటేటప్పుడు శక్తి చాలకపోవడం ఒకటి, ఎండలో నిలబడితే ఆగిపోవడం రెండోది. మీ మెకానిక్ చెప్పిన జాబితా మొదటిదానికి మాత్రమే మందు, అది కూడా మీరు బండి నడిపే తీరుకు పడని మందు. రెండోదాన్ని అది తగ్గించకపోగా పెంచుతుంది.

ముందు ఈ కారు అసలు ఎంత ఇవ్వగలదో చూద్దాం. మీ ఇంజిన్ 1798 సీసీది. కంపెనీ లెక్క ప్రకారం 5400 ఆర్‌పీఎం దగ్గర 95 హార్స్‌పవర్, 3000 ఆర్‌పీఎం దగ్గర ఇంచుమించు 149 న్యూటన్ మీటర్ల టార్క్ ఇవ్వాలి. బండి బరువు 920 కిలోల చుట్టుపక్కల ఉంటుంది. ఆ రోజుల్లో ఈ కారు నిలబడిన చోటు నుంచి 96 కిలోమీటర్ల వేగాన్ని సుమారు 12 సెకన్లలో అందుకునేది. అంటే ఆరోగ్యంగా ఉన్న ఎంజీబీకి ఆలేరు రోడ్డు మీద లారీని దాటడం కష్టం కాకూడదు. కష్టమవుతున్నదంటే మీ ఇంజిన్ తన 95 హార్స్‌పవర్‌ను ఇవ్వడం లేదని అర్థం. రంగు, సీట్లు, వైరింగ్ చేయించానని రాశారు గానీ ఇంజిన్ హెడ్ (సిలిండర్ల పైన మూతలా ఉండి వాల్వులను మోసే భాగం) దించినట్టు, కార్బొరేటర్లు విప్పించినట్టు రాయలేదు. కనుక కొత్త శక్తిని కొనే ముందు, పోయిన శక్తి ఎక్కడ పోయిందో వెతకాలి. నాలుగు లక్షల్లో పెద్ద భాగం అక్కడే ఖర్చు పెట్టమని నా సలహా.

ఇంజిన్ మార్పిడి గురించి రెండు మాటలు చెప్పి ముగిస్తాను, ఎందుకంటే దానిలో ఆలోచించవలసింది ఎక్కువ లేదు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకు భిన్నంగా, రిజిస్ట్రేషన్ పత్రంలో ఉన్న వివరాలు మారేలా వాహనాన్ని మార్చకూడదు. సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఈ సెక్షన్‌ను గట్టిగానే వ్యాఖ్యానించింది. అదే ఏడాది చట్ట సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ కింద, అనుమతి లేని ప్రతి మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. చట్టాన్ని పక్కన పెట్టినా, ఇంజిన్ నంబరు మారిన పాత కారు వింటేజ్ రిజిస్ట్రేషన్‌కు పనికిరాదు. ఆ సంగతి చివర చెబుతాను.

ఇక మొదటి పని కంప్రెషన్ పరీక్ష, అంటే సిలిండర్లలో ఒత్తిడిని కొలవడం. ఇంజిన్ బాగా వేడెక్కాక నాలుగు ప్లగ్గులూ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టి, ఒక్కొక్క సిలిండర్‌కు గేజ్ పెట్టి సెల్ఫ్ కొట్టించండి. వచ్చిన అంకెల కంటే వాటి మధ్య తేడా ముఖ్యం. పది శాతానికి మించి తేడా ఉంటే, తక్కువ వచ్చిన సిలిండర్‌లో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూడండి. అంకె పెరిగితే పిస్టన్ రింగులు గాని, సిలిండర్ బోరు గాని అరిగినట్టు, పెరగకపోతే వాల్వులు సరిగా కూర్చోవడం లేదన్నట్టు. మీ బండి విషయంలో నాకు వాల్వుల మీదే అనుమానం. దానికి కారణం ఉన్నది. ఈ ఇంజిన్‌లో ఎగ్జాస్ట్ వాల్వులు ఆని మూసుకునే సీట్లను వేరే గట్టి ఇనుముతో పెట్టలేదు, హెడ్ పోత ఇనుములోనే చెక్కారు. అప్పటి పెట్రోలులో కలిపే సీసం ఆ సీటు మీద పల్చటి పొరలా ఏర్పడి అరుగుదలను ఆపేది. మన దేశంలో 2000 సంవత్సరం ఆరంభం నుంచి సీసం కలిపిన పెట్రోలు అమ్మకం ఆగిపోయింది. ఆ తరువాత తిరిగిన కిలోమీటర్లన్నీ ఆ సీట్లను కొద్దికొద్దిగా లోపలికి కుంగదీస్తూనే ఉంటాయి. టాపెట్ గ్యాపు (వాల్వుకు, దాన్ని నొక్కే మీటకు మధ్య ఖాళీ) సెట్ చేసిన కొద్దిరోజులకే మళ్లీ తగ్గిపోతున్నదంటే అది ఈ రోగమే. మీ ఇంజిన్‌కు చల్లగా ఉన్నప్పుడు టాపెట్ గ్యాపు 0.38 మిల్లీమీటర్లు ఉండాలి.

హెడ్ దించవలసి వస్తే, దాన్ని ఖర్చుగా కాక అవకాశంగా చూడండి, ఎందుకంటే ఈ ఇంజిన్‌కు గొంతు దగ్గర పట్టేసేది హెడ్డే. నాలుగు సిలిండర్లకు ఇన్‌లెట్ పోర్టులు రెండే ఉంటాయి, ఒక్కొక్క పోర్టును రెండేసి సిలిండర్లు పంచుకుంటాయి. ఎగ్జాస్ట్ పోర్టులు మూడు, మధ్యది రెండు, మూడు సిలిండర్లకు ఉమ్మడి. ఆ ఉమ్మడి పోర్టు దగ్గర వేడి పేరుకొని, ఆ రెండు సిలిండర్ల ఎగ్జాస్ట్ సీట్ల మధ్య హెడ్ పగలడం ఈ ఇంజిన్లలో తరచుగా కనబడేదే. అందువల్ల హెడ్ చేతికి రాగానే మొదట అక్కడ పగులు పరీక్ష చేయించండి. పగులు ఉన్న హెడ్ మీద పోర్టింగ్‌కు డబ్బు పెట్టడం వృథా.

పగులు లేకపోతే, మంచి బోరింగ్ షాపులో నాలుగు ఎగ్జాస్ట్ సీట్లకూ గట్టి ఇన్‌సర్టులు వేయించండి, వాల్వు గైడ్లు మార్పించండి, సీట్లను మూడు కోణాల్లో కోయించండి, సీటుకు దిగువన గొంతులో ఉండే పోత అంచును నునుపు చేయించండి. ఈ చివరి పనికి పెద్ద నైపుణ్యం అవసరం లేదు, ఓపిక చాలు, కానీ పోర్టు మొత్తాన్ని వెడల్పు చేయాలనే ఉత్సాహాన్ని మాత్రం అక్కడే ఆపండి. వెడల్పాటి పోర్టులో గాలి వేగం తగ్గి, మీకు కావలసిన మధ్య వేగాల దగ్గరే ఇంజిన్ నీరసిస్తుంది. మీ హెడ్‌లో ఇన్‌లెట్ వాల్వు 39.7 మిల్లీమీటర్లది. తరువాతి కాలపు ఎంజీబీ ఇంజిన్లలో 41.3 మిల్లీమీటర్ల వాల్వు వచ్చింది. సీట్లు కొత్తగా కోయించేటప్పుడు ఈ పెద్ద వాల్వు వేయించుకుంటే బయటికి ఏమీ కనబడదు, లోపల లాభం ఉంటుంది. హెడ్ ఫేసింగ్ చేయించేటప్పుడు అసలు 8.8 ఉన్న కంప్రెషన్ నిష్పత్తిని 9, మహా అయితే 9.2 దాకా పెంచవచ్చు. పది దాకా తీసుకువెళ్దామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. మే నెలలో 44 డిగ్రీల గాలి పీల్చే ఇంజిన్‌కు, ఇంగ్లండ్ చలిలో నడిచే ఇంజిన్ కంటే నాకింగ్ (సిలిండర్‌లో మిశ్రమం అదుపు తప్పి పేలడం) ముప్పు ఎక్కువ.

ఇప్పుడు మీ రెండో ఫిర్యాదుకు వస్తాను, మన ప్రాంతంలో ఇదే ఈ కారుకు అసలు పరీక్ష. బానెట్ ఎత్తి చూడండి: కార్బొరేటర్లు, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ రెండూ ఇంజిన్‌కు ఎడమవైపే ఉన్నాయి, ఒకటి పైన, ఒకటి కింద. బండి కదులుతున్నంతసేపు గాలి తగులుతుంది గనుక ఇబ్బంది ఉండదు. ట్రాఫిక్‌లో ఆగిన క్షణం నుంచి మానిఫోల్డ్ వేడి నేరుగా కార్బొరేటర్ల ఫ్లోట్ గిన్నెలను కాల్చడం మొదలుపెడుతుంది. పెట్రోలు గిన్నెలోనే మరిగి ఆవిరవుతుంది, ఇంజిన్ ఆగిపోతుంది, గిన్నెలు చల్లారేదాకా మళ్లీ అందుకోదు. మీరు రాసిన లక్షణం అక్షరాలా ఇదే.

దీనికి ఇంధనం కూడా తోడైంది. 2023 నుంచి మన బంకుల్లోకి 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు క్రమంగా వచ్చేసింది. ఇథనాల్ కలిసినందువల్ల 70 డిగ్రీల లోపు ఆవిరయ్యే భాగం పెరుగుతుంది, అంటే గిన్నె ఇంకా త్వరగా మరుగుతుంది. అంతేకాదు, మామూలు పెట్రోలు సరిగా మండడానికి ఒక పాలు ఇంధనానికి 14.7 పాళ్ల గాలి కావాలి. ఈ మిశ్రమానికి ఇంచుమించు 13.5 పాళ్లు చాలు. పాత పెట్రోలుకు సెట్ చేసిన కార్బొరేటర్‌లో అదే జెట్టు (పెట్రోలు వచ్చే రంధ్రం), అదే నీడిల్ (ఆ రంధ్రంలో కదిలే సూది) ఉంటే ఇంజిన్‌కు ఇంధనం తక్కువై, మిశ్రమం పలచబడుతుంది. పలచటి మిశ్రమం వల్ల పికప్ తగ్గుతుంది, ఎగ్జాస్ట్ వాల్వులు మరింత కాలుతాయి. మీ రెండు ఫిర్యాదులకూ కొంతవరకు మూలం ఒకటేనని నేను అనుకోవడానికి కారణం ఇదే. అయితే ఈ పెట్రోలుకు ఆక్టేన్ 95 ఉండాలని ప్రమాణం చెబుతున్నది. పాత మామూలు పెట్రోలుకు అది 91 మాత్రమే. నాకింగ్ విషయంలో ఇది మనకు కలిసివచ్చేదే, దీన్నీ ఒప్పుకోవాలి.

చేయవలసినవి ఇవి. ఎగ్జాస్ట్‌కు, కార్బొరేటర్లకు మధ్య కంపెనీ అమర్చిన వేడి అడ్డురేకు ఉన్నదో లేదో చూడండి. బాగుచేసేటప్పుడు తీసి మూలన పడేయడం మన షెడ్లలో మామూలే. లేకపోతే తప్పకుండా తెప్పించి, మానిఫోల్డ్ వైపు ఉన్న ముఖానికి వేడిని తిప్పికొట్టే పొర అంటించండి. కార్బొరేటర్‌కు, ఇన్‌లెట్ మానిఫోల్డ్‌కు మధ్య ఉండే దళసరి ఇన్సులేటర్ దిమ్మెలు అసలువే ఉండాలి, వాటి స్థానంలో పల్చటి గ్యాస్కెట్లు ఉండకూడదు. పెట్రోలు పైపులు అన్నీ ఇథనాల్‌కు తట్టుకునే కొత్త రకం రబ్బరువి వేయించండి. పాత రబ్బరు లోపలి నుంచి మెత్తబడి, చిన్నచిన్న నలుసులుగా రాలి జెట్లలో చేరుతుంది. ట్యాంకులో తుప్పు చూడండి. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది గనుక నెలల తరబడి ట్యాంకులో పెట్రోలు నిలువ ఉంచకండి, వానాకాలంలో మరీ ముఖ్యంగా.

నీటి సంగతి. మన బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. ఏళ్ల తరబడి ఆ నీళ్లు పోసిన రేడియేటర్‌లో, ఇంజిన్ బ్లాకులో గట్టి పొర పేరుకొని ఉంటుంది. రేడియేటర్ కోరు మార్పించండి, బ్లాకుకు ఉన్న నీటి ట్యాపు తీసి లోపల పేరుకున్న మడ్డిని కడిగించండి, ఇకమీదట డిస్టిల్డ్ వాటర్‌తో కలిపిన కూలెంట్ తప్ప మరేమీ పోయకండి. వేడెక్కుతున్నదని థర్మోస్టాట్ తీసేసే అలవాటు మన మెకానిక్‌లలో ఉన్నది, దాన్ని ఒప్పుకోకండి. థర్మోస్టాట్ లేని ఇంజిన్ ఉష్ణోగ్రత గంటకో రకంగా ఉంటుంది, అలాంటి ఇంజిన్‌కు మిశ్రమం సెట్ చేయడం అయ్యే పని కాదు. ఈ కారుకు మామూలుగా వచ్చే థర్మోస్టాట్ 82 డిగ్రీలది, వేడి దేశాల కోసం కంపెనీయే 74 డిగ్రీలది ఇచ్చింది. మీకు ఆ రెండోది సరిపోతుంది. ఎలక్ట్రిక్ ఫ్యాన్ పెట్టాలన్న ఆలోచన మంచిదే, కానీ మీ కారులో ఉన్నది ఆల్టర్నేటర్ కాదు, 22 ఆంపియర్ల డైనమో. ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు, అంటే సరిగ్గా ఫ్యాన్ అవసరమైనప్పుడు, డైనమో నుంచి వచ్చే కరెంటు దాదాపు శూన్యం. ఆల్టర్నేటర్ లేకుండా ఎలక్ట్రిక్ ఫ్యాన్ పెడితే బ్యాటరీ కూర్చుంటుంది. అంతకంటే, తరువాతి మోడళ్లకు వచ్చిన ఎక్కువ రెక్కల ఫ్యాన్ వేసుకోవడం చవక, నమ్మకం.

కార్బొరేటర్ల విషయంలో మీ మెకానిక్‌తో నేను ఏకీభవించను. మీ ఇంజిన్‌కు ఉన్నవి ఒకటిన్నర అంగుళాల ఎస్‌యూ కార్బొరేటర్లు రెండు. ఇవి మంచి స్థితిలో ఉంటే 110, 120 హార్స్‌పవర్ దాకా ఇంజిన్‌కు ఊపిరి అందించగలవు, మీరు చేయించే హెడ్ పనికి అంతకంటే అక్కర్లేదు. వెబర్‌కు వేరే మానిఫోల్డ్ కావాలి, చోక్‌లు, జెట్లు, ఎమల్షన్ ట్యూబులు డజన్ల కొద్దీ కొని మార్చి చూడాలి, పెట్రోలు ఎక్కువ తాగుతుంది. చివరికి అది కూడా ఆ రెండు ఉమ్మడి పోర్టుల గుండానే గాలి పంపాలి. వెబర్‌ను చూస్తే బానెట్ ఎత్తినప్పుడు అందంగా ఉంటుందన్న మాట నిజం. ఎస్‌యూ గొప్పతనం వేరు: పిస్టన్ తనంతట తానే గాలి ప్రవాహానికి తగ్గట్టు లేస్తుంది, ఒక్క నీడిల్ మారిస్తే మొత్తం మిశ్రమం మారుతుంది. మన రోడ్లకు, మన పెట్రోలుకు సర్దుబాటు చేసుకోవడానికి ఇంతకంటే సులువైన కార్బొరేటర్ దొరకదు.

అయితే అరవయ్యేళ్ల ఎస్‌యూ అలాగే పనిచేస్తుందని అనుకోకండి. థ్రాటిల్ స్పిండిల్ దాని రంధ్రంలో అరిగి ఊగుతుంటే అక్కడి నుంచి దొంగగాలి లోపలికి పోతుంది, ఎంత సెట్ చేసినా ఐడిల్ నిలవదు. స్పిండిల్‌ను వేళ్లతో పట్టుకుని పైకీ కిందికీ కదిపి చూస్తే తెలిసిపోతుంది. కొత్త బుష్‌లు, స్పిండిల్‌లు, జెట్లు, నీడిల్‌లు ఉన్న కిట్ తెప్పించి వేయించండి. జెట్ల చుట్టూ ఉండే సీళ్లు ఇథనాల్‌కు తట్టుకునే రకమే అడగండి. డాష్‌పాట్‌లో (కార్బొరేటర్ పిస్టన్ పైన ఆయిల్ పోసే చోట) 20 గ్రేడు ఆయిల్ పోయండి, అదే గ్రేడు మోటారు సైకిల్ ఫోర్కు ఆయిల్ అయినా పనిచేస్తుంది. ఎయిర్ ఫిల్టర్లు తీసి ఉత్త నోళ్లతో నడపడం వేగానికి గుర్తని కొందరు అనుకుంటారు. కార్బొరేటర్ నోటి దగ్గర గాలి మెలి తిరగకుండా ఉండడానికి గుండ్రటి అంచు కావాలి, అది లేని నోరు శక్తిని పోగొడుతుంది, పైగా మన దుమ్ము నేరుగా సిలిండర్లలోకి పోతుంది. వెడల్పుగా, లోతుగా ఉన్న ఫిల్టర్ డబ్బాలు పెట్టి, లోపల గుండ్రటి అంచు ఉన్న రింగులు వేస్తే ఖర్చు తక్కువ, లాభం నిజం.

మిశ్రమాన్ని చెవితో కాకుండా కొలిచి సెట్ చేయాలి. ఎగ్జాస్ట్ పైపుకు ఒక గింజ వెల్డింగ్ చేయించి, తాత్కాలికంగా వైడ్ బ్యాండ్ ఆక్సిజన్ సెన్సర్ పెట్టించండి. గేజిని గాలి–ఇంధనం నిష్పత్తిలో కాకుండా ల్యాంబ్డాలో (అందిన గాలి, సరిగా మండడానికి కావలసిన గాలికి ఎన్ని రెట్లో చెప్పే అంకెలో) చూడండి, ఎందుకంటే పెట్రోలులో ఇథనాల్ ఎంత ఉన్నా ల్యాంబ్డా అర్థం మారదు. పూర్తి యాక్సిలరేటర్ మీద 0.86 నుంచి 0.90 మధ్య, నిలకడగా వెళ్లేటప్పుడు 1కి దగ్గరగా రావాలి. తక్కువ వేగాల్లో సరిగా ఉండి పూర్తి యాక్సిలరేటర్ మీద పలచబడితే జెట్టును ఇంకా దించకండి, మరింత చిక్కటి నీడిల్ వేయండి. ఎన్‌ఐటీలో చదివే కుర్రాళ్లు ఎవరైనా మీకు తెలిసినవాళ్లుంటే ఈ కొలతల పని వాళ్లకు అప్పగించండి, సంతోషంగా చేస్తారు.

క్యామ్‌షాఫ్ట్ విషయం ఒక లెక్కతో తేలిపోతుంది. మీ కారులో టాప్ గేరులో ప్రతి వెయ్యి ఆర్‌పీఎంకు సుమారు 29 కిలోమీటర్ల వేగం వస్తుంది. ఓవర్‌డ్రైవ్ (ఇంజిన్ చుట్లను తగ్గించే అదనపు గేరు) లేకుండా 80 కిలోమీటర్ల వేగం దగ్గర ఇంజిన్ దాదాపు 2800 దగ్గర, 100 దగ్గర దాదాపు 3500 దగ్గర తిరుగుతుంది. జనగామ, ఆలేరు మధ్య మీరు ఉండేది ఈ రెండింటి నడుమే. అసలు క్యామ్ తన గరిష్ఠ టార్క్ ఇచ్చేది 3000 దగ్గర, అంటే సరిగ్గా అక్కడే. రేసింగ్ క్యామ్ ఆ టార్క్‌ను తీసుకెళ్లి 4000 పైన పెడుతుంది, ఐడిల్‌లో బండి వణుకుతుంది, ట్రాఫిక్‌లో ఇంకా వేడెక్కుతుంది. పాతది అరిగిపోయి ఉంటే అదే ప్రొఫైల్ ఉన్న కొత్తది, కొత్త టాపెట్లతో కలిపి వేయించండి. మొదటిసారి స్టార్ట్ చేసిన వెంటనే ఐడిల్‌లో వదలకుండా ఇరవై నిమిషాలు 2000 ఆర్‌పీఎంకు పైనే తిప్పాలి. ఈ ఇంజిన్ టాపెట్లకు ఆయిల్‌లో జింక్ ఎక్కువ కావాలి. కొత్త పెట్రోలు కార్ల కోసం తయారు చేసిన పలచటి ఆయిళ్లలో అది తక్కువ. 20డబ్ల్యు–50 గాని, డీజిల్ ఇంజిన్లకు అమ్మే సీఐ–4 గ్రేడు 15డబ్ల్యు–40 గాని పోసుకోండి, రెండూ మన ఊళ్లో దొరుకుతాయి.

ఎగ్జాస్ట్‌లో కంపెనీ పోత ఇనుప మానిఫోల్డ్‌ను ఉంచండి. అది చూడడానికి మొరటుగా ఉన్నా లోపలి మలుపులు చాలా చక్కగా తీర్చినవి. గొట్టాల మానిఫోల్డ్ వేస్తే వచ్చే లాభం స్వల్పం, కార్బొరేటర్ల కింద చిమ్మే వేడి మాత్రం ఎక్కువ. తుప్పు పట్టిన సైలెన్సర్లను మార్చి, అడ్డంకులు తక్కువ ఉన్నవి పెట్టించుకుంటే చాలు. చెవులు పగిలే శబ్దం శక్తి కాదు, చలాను మాత్రం తప్పకుండా తెస్తుంది.

ఇగ్నిషన్‌లో ఒక ప్రమాదం పొంచి ఉన్నది. 1967 ఆఖరు దాకా వచ్చిన ఎంజీబీలలో బ్యాటరీ పాజిటివ్ వైపు బాడీకి ఎర్త్ చేసి ఉంటుంది, వెనుక ఆరు వోల్టుల బ్యాటరీలు రెండు ఉంటాయి. మీ వైరింగ్ చేసినవారు దాన్ని అలాగే ఉంచారో, నెగటివ్ ఎర్త్‌కు మార్చారో ముందు తెలుసుకోండి. పాయింట్ల స్థానంలో ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టడం మంచి మార్పే, కానీ వాటిలో పాజిటివ్ ఎర్త్ రకం, నెగటివ్ ఎర్త్ రకం వేరు. తారుమారైతే స్విచ్ వేయగానే కాలిపోతాయి. నెగటివ్‌కు మార్చదలిస్తే డైనమోను మళ్లీ పోలరైజ్ చేయాలి, కాయిల్ తీగలు అటుఇటు మార్చాలి, ఆర్‌పీఎం మీటరు లోపల కూడా మార్పు చేయించాలి. పాయింట్లే ఉంచుకుంటే గ్యాపు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు, ప్లగ్గు గ్యాపు 0.64 మిల్లీమీటర్లు. టైమింగ్‌ను స్ట్రోబ్ లైటుతో చూడండి. వాక్యూమ్ పైపు తీసేసి, 4000 ఆర్‌పీఎం దగ్గర మొత్తం అడ్వాన్స్ 30 నుంచి 32 డిగ్రీలు వచ్చేలా పెట్టించండి. ఐడిల్ దగ్గర మాత్రమే సెట్ చేస్తే, డిస్ట్రిబ్యూటర్ లోపలి స్ప్రింగులు సాగిపోయి ఉన్న సంగతి బయటపడదు.

మీ ఉత్తరంలో బ్రేకుల ఊసే లేదు, అది నన్ను కలవరపెట్టింది. మీ కారులో ముందు డిస్కులు, వెనుక డ్రమ్ములు, వాటన్నిటికీ ఒకే ఒక హైడ్రాలిక్ లైను. ఏ చక్రం దగ్గర రబ్బరు పైపు పగిలినా నాలుగు చక్రాల బ్రేకులూ ఒకేసారి పోతాయి. ఇంజిన్‌కు ఒక్క రూపాయి పెట్టే ముందే మాస్టర్ సిలిండర్, వీల్ సిలిండర్లు, రబ్బరు పైపులు అన్నీ కొత్తవి వేయించి, ఫ్లూయిడ్ మొత్తం మార్పించండి. వైరు చక్రాలయితే హబ్ మీది పళ్లు అరిగాయేమో చూడండి. బండి ముందుకీ వెనక్కీ కదిలేటప్పుడు టక్కుమని చప్పుడు వస్తే అరిగినట్టే. టైర్లు పాతవైతే, వాటి మీద గీతలు ఎంత లోతుగా ఉన్నా, మార్చండి. 165/80 ఆర్14 సైజు మన చిన్న కార్లకు వచ్చేదే గనుక వరంగల్‌లో సులువుగా దొరుకుతుంది. వైరు చక్రాలకు లోపల ట్యూబు తప్పనిసరి.

స్ప్రింగులు కోయడం గురించి: వద్దు. ఈ కారు నేలకు అసలే ఐదంగుళాల ఎత్తులో ఉంటుంది, మన స్పీడ్ బ్రేకర్లు ఆ ఎత్తును లెక్కచేయవు. ముందు విష్‌బోన్లకు ఎంజీబీ జీటీ వీ8 మోడల్‌కు వచ్చిన గట్టి బుష్‌లు వేయించి, లీవర్ షాకప్పుల్లో ఆయిల్ నింపించి, వెనుక కమాన్ పట్టీలు కుంగాయేమో చూపించండి. మలుపుల్లో బండి ఎంత మారిందో మీకే తెలుస్తుంది. ఇదే మోడల్ కారు 1963లో ఫ్రాన్స్‌లోని లే మాన్స్ 24 గంటల పోటీలో మొదట్లోనే ఇసుకలో కూరుకుపోయి, గంటకు పైగా తవ్వుకుని బయటపడి, అయినా మొత్తం మీద 12వ స్థానంలో నిలిచింది. ఆ స్థానం దక్కింది అలసిపోకుండా తిరగగల గుణంతోనే గనుక, మార్పులు కూడా ఆ గుణాన్ని పెంచేవే ఎంచుకోవాలని నా అభిప్రాయం.

చివరిగా వింటేజ్ రిజిస్ట్రేషన్. 2021 జూలైలో కేంద్ర మోటారు వాహనాల నియమాలకు చేసిన సవరణ ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటిన, వ్యాపారానికి వాడని వాహనం, ఛాసిస్‌లో గాని బాడీలో గాని ఇంజిన్‌లో గాని పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉంటే దీనికి అర్హత పొందుతుంది. కొత్త రిజిస్ట్రేషన్‌కు రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్లు, తరువాత పునరుద్ధరణకు 5,000 రూపాయలు. నంబరు ప్లేటు మీద రాష్ట్రం కోడ్ తరువాత వీఏ అన్న అక్షరాలు వస్తాయి. అయితే చాలామంది చూడని నిబంధన ఒకటి ఉన్నది: అలా రిజిస్టర్ అయిన వాహనాన్ని రోజువారీగా రోడ్డు మీద నడపకూడదు. ప్రదర్శనలకు, వింటేజ్ ర్యాలీలకు, సాంకేతిక పరిశోధనకు, పెట్రోలు పోయించుకోవడానికి, మరమ్మతులకు మాత్రమే బయటికి తీయాలి. మీరు ఆదివారం పూట లక్నవరం దాకా సరదాగా వెళ్లివద్దామనుకుంటే ఆ ప్లేటు మీకు అడ్డు వస్తుంది. మామూలు రిజిస్ట్రేషన్ ఇంకా చెల్లుబాటులో ఉంటే, దాన్నే పునరుద్ధరించుకుంటూ నడుపుకోవడం మేలని నాకు అనిపిస్తున్నది. ఏ దారి ఎంచుకున్నా, తీసేసిన ప్రతి అసలు భాగాన్నీ, పాత హెడ్ వాల్వులతో సహా, పేరు రాసి పెట్టెలో దాచండి. రేపు తనిఖీకి వచ్చినవారు అడిగినా, కారు చేతులు మారినా వాటి అవసరం పడుతుంది. కంప్రెషన్ పరీక్షలో నాలుగు సిలిండర్లకూ వచ్చిన అంకెలను, ఆయిల్ పోశాక మళ్లీ వచ్చిన అంకెలను రాసి పంపితే, హెడ్‌తో ఆగవచ్చో, బోరు దాకా వెళ్లాలో చెబుతాను. అప్పటిదాకా ఏ పార్టుకూ అడ్వాన్సు ఇవ్వకండి.